చెయ్యి తీసిన తూకం

ముందే మన్నింపు అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది తల నెరిసినాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ రాసేలోపు పొయ్యి మీది పప్పు అడుగంటుతుంది. ఈ కథకే ఒక వానకాలం గడిచిపోయింది. తప్పులు కనబడితే మీరే దిద్దుకొని చదవండి. ఇందులో సగం కళ్లారా చూసింది, సగం నౌషీన్ నోట విన్నది.

నౌషీన్ భుజాన తూకం సంచి కనబడగానే ఆ వాడలో తలుపులు ఒక్కొక్కటే దగ్గరికి పడ్డాయి.

సంచిలో ఉన్నది గడియారం లాంటి గుండ్రటి ముల్లు తూకం. పై కొక్కెం దూలానికి తగిలించాలి, కింది కొక్కేనికి గుడ్డ లాగు వేలాడదీయాలి, లాగులో పసిపిల్లను కూర్చోబెట్టాలి. పిల్ల కాళ్లు గాలిలో ఆడతాయి, ముల్లు ఒకచోట నిలబడుతుంది, నౌషీన్ రాసుకుంటుంది. పని అంతే. కానీ నెల్లికుదురు పక్కనున్న ఆ ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేరిన నాలుగు నెలల్లో, ముప్పై ఒక్క మంది పిల్లల్లో ఆ లాగు ఎక్కింది ఆరుగురే.

"కోడిని తూచినట్టు తూస్తవా పిల్లలను?" అనేవాళ్లు ఆడవాళ్లు. "పసిపోరల బరువు జూడొద్దు పిల్లా. చూసినకాన్నుంచి తరుగుడే. దిష్టి గొడ్తది."

"ఎక్కకుంటే అందాజగ రాయి," అని సూపర్‌వైజర్ మేడం మొన్ననే చెప్పి పోయింది. "నెలకింత పెంచుకుంట పోతే అయిపాయె. అన్ని ఊర్లల్ల గట్లనే రాస్తలేరా?"

నౌషీన్ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేసింది. అందాజుగా రాయాలంటే ఒక పిల్లవాడు కళ్లకు అడ్డం వస్తున్నాడు.

వాడు బుచ్చవ్వ మనవడు. పదకొండు నెలలు నిండాయి, పేరు ఇంకా లేదు. మేడారం జాతరలో సమ్మక్క గద్దె ముందట పేరు పెట్టాలని బుచ్చవ్వ మొక్కు. అప్పటిదాకా అందరికీ బుడ్డోడే. వారం కింద తల్లి సౌందర్య వాడికి స్నానం పోస్తుంటే నౌషీన్ చూసింది. మోచేతి కీలు లావు, పైచెయ్యి సన్నం. జొన్నదంటుకు కణుపు లేచినట్టు. పిర్రల మీద తోలు ముసలివాళ్ల గడ్డం కింద జారినట్టు జారి ఉంది.

బుచ్చవ్వ తలుపు మూయలేదు. మూసే రకం కాదు. కడప మీద కాళ్లు చాపుకొని కూర్చుని పత్తిలో ఆకుముక్కలు ఏరుతోంది.

"అవ్వా, బుడ్డోన్ని ఒక్కసారి ఎత్తుకుంట."

"ఎత్తుకో. తూకం గీకం అన్నవంటే మాత్రం నా కడప దాటకు."

"మరీ సన్నగైండు అవ్వా."

"మా వంశమే సన్నం. మా ముసలాయన ఉన్నప్పుడు గడ్డివామెక్కితే తాడు గట్టి పట్టుకుంటుంటి, గాలికి కొట్కపోతడని." బుచ్చవ్వ నవ్వలేదు. పక్కింటి ఆడవాళ్లు నవ్వారు.

లోపలి నుంచి సౌందర్య గొంతు వచ్చింది. "నాలుగొద్దుల సంది విరేచనాలు అయితున్నయి అక్కా. పాలు తాగుతనే కక్కుతున్నడు."

"ఏం తినవెడ్తున్నవ్?"

"చాయల బిస్కట్ ముంచి... నేను పత్తి ఏరవోతే అత్తనే చూస్తది."

"పక్షిదోషం అది," అన్నది బుచ్చవ్వ. "తాయెత్తు గట్టిచ్చిన. మంగళారం ట్రాక్టర్ మేడారం పోతది. తల్లి ముందట పండవెడ్తే ఏ దోషమైనా పోవాల్సిందే."

ఆ రోజు గురువారం. నౌషీన్ మనసులో లెక్క పెట్టుకుంది. పైకప్పు లేని ట్రాక్టర్, చలి, దుమ్ము, లక్షల మంది తొక్కిన వాగు నీళ్లు. రానుపోను ఐదు రోజులు. ఈ పోరడు తిరిగి రాడు. 'మానుకోట దవాఖానల పిల్లల డాక్టరున్నడు, మంచం ఇస్తరు, ఇంట్లోల్లను ఒప్పిచ్చి తోలుకొచ్చుడే నీ పని' అని ఊరికి సూదులు వేయ వచ్చే నర్సమ్మ చెప్పింది. ఒప్పించాల్సింది ఒక్క మనిషినే. ఆ మనిషి పత్తిలో ఆకు ఏరుతోంది.

"దవాఖానల ఒక్కసారి చూపిద్దం అవ్వా. బరువు చూస్తే నీకే తెలుస్తది..."

బుచ్చవ్వ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు.

"నా నడిపి బిడ్డను గిట్లనే ఒక నర్సమ్మ వచ్చి తూచింది. తూచిన మూడొద్దులకు మట్టిల వెట్టిన. పో బిడ్డా. నువ్వు మంచిదానివే. పో."

మరునాడు నౌషీన్ నెల్లికుదురు పోయింది. పిల్లవాడి తండ్రి దేవేందర్ అక్కడ రిలే దీక్ష టెంటులో ఉన్నాడు.

ఆ రోజుల్లో చౌరస్తా ఎట్లా ఉండేదో చెప్పాలి. ఢిల్లీవాళ్లు తెలంగాణ ఇస్తామన్నారు, పక్షం రోజులకే మాట మార్చారు. అప్పటి నుంచి జనం ఇంట్లో కూర్చోలేదు. పొద్దున లేస్తే ఊరేగింపు, మధ్యాహ్నం డప్పు, సాయంత్రం దిష్టిబొమ్మ. దానికి తోడు జాతర. ఒక పక్క 'జై తెలంగాణ', ఇంకో పక్క 'సమ్మక్క సారక్కా'. రెండు కేకలూ ఒకే గొంతుల్లోంచి వస్తుంటే ఏది ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. చెప్పులు కుట్టే ఆయన నుంచి పంతుళ్ల దాకా అందరి మొఖాల్లో ఒకటే వెలుగు. రేపే ఏదో అయిపోతుందన్నట్టు.

దేవేందర్ మెడలో బంతిపూల దండ వాడిపోయి ఉంది. నౌషీన్ చెప్పిందంతా విని కాళ్ల వైపు చూసుకున్నాడు.

"టీచరక్కా, ఢిల్లీని అడుగుమను, అడుగుత. మా అవ్వను అడుగుమనకు."

టెంటు టెంటంతా నవ్వింది. దేవేందర్ నవ్వలేదు. "మొన్న వాన్ని ఎత్తుకుంటే గాలి ఎత్తుకున్నట్టే ఉన్నది అక్కా. కని నా మాట చెల్లది ఆ ఇంట్ల. సోమారం పొద్దుగాల నా దీక్ష దిగుడు. అవ్వ అప్పుడు మొక్కు తూపిస్త అన్నది."

"ఏం తూపిస్తది?"

అతను టెంటుకు ఎదురుగా చెయ్యి చూపించాడు.

ఎదురుగా ఉన్నది బాబామియా దుకాణం. ఆయన ఆరిఫ్‌కు చిన్నాయన, ఆరిఫ్ నౌషీన్ పెనిమిటి. ముప్పై ఏండ్లుగా జాతర వస్తే ఆ చౌరస్తాలో బంగారం అమ్మేది బాబామియానే. బంగారమంటే బెల్లం. సమ్మక్కకు మొక్కుకున్నవాళ్లు తమ నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుతారు. తరాజులో ఒక పక్క మనిషి కూర్చుంటాడు, ఇంకో పక్క మనిషికి సరితూగే బెల్లం పెడతారు. ఆ బెల్లం తల్లికి. దుకాణం ముందు మూడు గుంజలు కట్టి పెద్ద ఇనుప తరాజు వేలాడదీశారు. గొలుసులకు పసుపు రాశారు. డప్పు మోగుతోంది. పళ్లెంలో ఒక పిల్ల కాళ్లు ముడుచుకొని, నెత్తిన బండారి పసుపు పూసుకొని కిలకిల నవ్వుతోంది. గొలుసు పట్టుకొని నిలబడ్డ తల్లిని చూసి నౌషీన్ ఆగిపోయింది.

నిన్న మొఖం మీద తలుపు వేసిన మనిషి ఆమెనే.

"ఏమక్కా," అన్నది నౌషీన్ దగ్గరికి పోయి, "పిల్లను తూస్తే దిష్టి గొడ్తదంటివి?"

"అవ్, నీ కొక్కెం మీద తూస్తే దిష్టి. తల్లి తరాజుల తూస్తే దీవెన. గది ఎరుకలేదా?" అని ఆమె జాలిగా చూసింది, చదువుకొని కూడా ఇంత తెలియకపోవడం ఏందన్నట్టు.

నౌషీన్ నాలుగు నెలలు ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, తిట్లు తిని, ఆరుగురిని ఎక్కించింది. ఇక్కడ పిల్లలను చంకనేసుకొని వరుస కట్టి మరీ నిలబడ్డారు. ఆమె పరుగులాంటి నడకతో దుకాణం మెట్లెక్కింది.

"చాచా! ఎల్లుండి మా ఊరికి తరాజు దెస్తవా?"

"దుకాణం ఇడిసిపెట్టి యాడికి రావాలె బేటా? గిరాకి చూస్తలేవా?"

"మా ఊర్ల ముప్పై ఇండ్ల మొక్కులున్నయి చాచా. తండా కూడ ఉన్నది. అందరు నీ దగ్గరికి రావాలంటే బస్సులు నడుస్తలేవు. నువ్వే పోతే?"

బాబామియా గడ్డం గీరుకున్నాడు. "ఆరిఫ్‌గాన్ని కాదు, నిన్ను కూసోవెట్టాలె గల్లా మీద," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే సామాన్ల ఆటోలో తరాజు, బెల్లం దిగాయి. అంగన్‌వాడీ వాకిట్లో గుంజలు లేచాయి. బాబామియా కిలో ముద్దలు, అర్ధకిలోవి, పావువి వేరువేరుగా పేర్చాడు. తండా నుంచి జైసింగ్ డప్పులవాళ్లను వెంటేసుకొని బిడ్డను భుజాన ఎక్కించుకొని వచ్చాడు. ఎవరో 'సమ్మక్కకూ' అన్నారు, పిల్లలంతా 'జై' అన్నారు. ఇంకెవరో 'జై తెలంగాణ' అన్నారు, దానికీ 'జై' అన్నారు.

నౌషీన్ పక్కన పీట వేసుకొని కూర్చుంది. ఒక్కొక్క పిల్ల దిగుతుంటే బాబామియా ముద్దలు లెక్కపెట్టి గట్టిగా చెప్పాడు, ఆమె రాసింది. ఇరవై రెండు మంది! ఆమె చెయ్యి నొప్పి పుట్టింది, ఆ నొప్పి కూడా తియ్యగా ఉంది. పట్టిక మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే అన్నీ ఆకుపచ్చ గీత మీదే పడుతున్నాయి. మా ఊరి పిల్లలు ఇంత మంచిగున్నారా అని ఆమెకు సంతోషంతో నవ్వొచ్చింది.

పొద్దుగూకే వేళ జైసింగ్ బెల్లం మూట కట్టుకుంటూ, "జర పట్టుకో టీచరమ్మా," అని నిద్రపోతున్న బిడ్డను ఆమె చేతిలో పెట్టాడు. నౌషీన్ ఒక చేత్తో భుజాన వేసుకుంది. ఇంకో చేత్తో పుస్తకం మూయబోయి ఆ పిల్ల వరుస చూసింది. పదమూడు కిలోలు.

ఆమె నీళ్ల బిందె మోసే మనిషి. పదమూడు కిలోలంటే ఏమిటో ఆమె నడుముకు తెలుసు. భుజం మీద ఉన్నది పదమూడు కాదు. అందులో మూడోవంతు తక్కువ ఉంది.

"జైసింగన్నా, మీ పిల్ల నిజంగ పదమూడున్నదా?"

"యాడిది!" అని నవ్వాడు జైసింగ్. "నేను ఒత్తిన గద. తల్లికి తక్కువ వోతే ఎట్ల?" బొటనవేలు పళ్లెం అంచు మీద పెట్టి, మిగతా వేళ్లు గొలుసు వెనక దాచి, ఎట్లా ఒత్తాలో చూపించాడు కూడా. పిల్లలు లేని ఖాళీ పళ్లెం టక్కున కిందికి దిగింది. "అందరు గిట్లనే ఒత్తుతరు."

నౌషీన్ బాబామియా వైపు తిరిగింది. ఆయన బెల్లం మీద గోనె కప్పుతున్నాడు.

"నీకు ఎరుకేనా చాచా?"

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న బేటా. నా బెల్లం అమ్ముడువోతది, తల్లికి ఎక్కువ దక్కుతది, మొక్కినోల్లకు పుణ్యం. ఎవ్వలకు నష్టం?"

నౌషీన్ పెన్ను మూత తీసి ఇరవై రెండు వరుసల మీద అడ్డంగా ఒక గీత గీసింది. అందాజుగా రాయొద్దనుకొని తెచ్చిన తరాజు, భక్తితో అబద్ధం చెప్పింది. రేపు బుచ్చవ్వ వస్తుంది. ఎవరికంటే తక్కువ ఒత్తుతుంది ఆమె? ఎనిమిది కిలోలు తూగుతాడు పిల్లవాడు. మంచిగున్నాడని ఊరంతా చూస్తుంది. ఎల్లుండి ట్రాక్టర్ ఎక్కిస్తుంది.

సోమవారం నెల్లికుదురు చౌరస్తాలో రాస్తారోకో. బాబామియా తెల్లారకముందే రోడ్డు దాటి వచ్చేశాడు. దేవేందర్ రాలేదు, దీక్ష దిగినవాడు దిగినట్టే రోడ్డు మీద కూర్చున్నాడని కబురు వచ్చింది.

"కన్నకొడుకు మొక్కు కంటె రోడ్డెక్కువైంది వానికి," అంటూ బుచ్చవ్వ కొత్త చీరలో వచ్చింది. చంకలో పిల్లవాడు, వెనక సౌందర్య, చేతిలో కొబ్బరికాయ. మనవడి నడుముకు వెండి మొలతాడు, కాళ్లకు కడియాలు, ఒంటి మీద రెండు అంగీలు. బుచ్చవ్వ వాడిని పళ్లెంలో కూర్చోబెట్టింది. వాడు కూర్చోలేక పక్కకు ఒరిగాడు. ఆమె ఎడమచెయ్యి వాడి వీపు వెనక ఆనించింది. కుడిచెయ్యి గొలుసు మీదుగా జారి పళ్లెం అంచు మీద ఆగింది.

బాబామియా ముద్దలు పెట్టసాగాడు. నాలుగు. ఐదు. ఆరు. డప్పు మోగుతోంది. ఏడు. పళ్లెం కదలలేదు. బుచ్చవ్వ మెడ నరాలు బిగుసుకున్నాయి, పెదవులు ఏదో జపిస్తున్నాయి. ఎనిమిదో ముద్దకు రెండు పళ్లేలూ సమానమయ్యాయి.

"ఎనిమిది కిలోలు! శభాష్ బుడ్డోడా!" అని ఎవరో అరిచారు.

"చూస్తివా?" అన్నది బుచ్చవ్వ నౌషీన్‌తో, కళ్లు మెరుస్తుండగా. "సన్నం సన్నం అంటివి."

నౌషీన్ లేచి వచ్చి తరాజు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"అవ్వా, నువ్వు తల్లికి ఏం మొక్కినవ్?"

"నా మనుమని నిలువెత్తు బంగారం."

"మనుమందేనా? నీది కూడనా?"

"నాదెందుకు? వానిదే."

"మరి చెయ్యి తియ్యి అవ్వా."

డప్పు ఆగింది. బుచ్చవ్వ మొఖం నల్లబడింది.

"ఎక్కువిస్తున్న గని తక్కువిస్తలేను పిల్లా. తల్లికి ఎక్కువిస్తే తప్పా?"

"ఇయ్యి. పది కిలోలు ఎక్కువియ్యి. వేరే మూట గట్టి ఇయ్యి. కని పోరని పేరు మీద నీ చెయ్యి తూచి, ఇది పోరడు అని చెప్తే తల్లి ఏమనుకుంటది?" నౌషీన్ పళ్లెం అంచు వైపు చూపించింది. "రేపు తల్లి వీన్ని చూడాలె గద అవ్వా. ఏడ తక్కువున్నడో తల్లికి తెలవద్దా? నువ్వే దాస్తుంటివి."

జైసింగ్ తన బిడ్డ నెత్తి నిమురుతూ మెల్లగా అన్నాడు. "మా పిల్లను పొద్దున మల్ల తూసినం పెద్దమ్మా. చెయ్యి తీస్తే ఎనిమిదిన్నరనే. నేను పదమూడు జేసిన."

బుచ్చవ్వ పళ్లెం మీద ఉన్న తన చేతిని చూసుకుంది. అది పత్తి ముళ్లు గీరిన చెయ్యి, బొటనవేలి గోరు నలిగి నల్లబడి ఉంది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కొక్క వేలూ విప్పింది, మూసిన పిడికిలిలోంచి ఏదో వదులుతున్నట్టు. చిటికెన వేలు. ఉంగరం వేలు. చివరకు బొటనవేలు.

బెల్లం పళ్లెం ధన్‌మని నేలను తాకింది. పిల్లవాడు గాలిలోకి లేచాడు. సౌందర్య కెవ్వున అరిచింది. నౌషీన్ రెండు చేతులతో వాడిని గొలుసు మధ్య పట్టుకుంది, పైకి పోతున్న దీపాన్ని పట్టుకున్నట్టు.

"అంగీలు, కడియాలు, మొలతాడు తియ్యి సౌందర్యా," అన్నది. సౌందర్య అన్నీ తీసి, వాడిని పళ్లెంలో పడుకోబెట్టి చేతులు వెనక్కి తీసుకుంది. ఎముకలు లెక్కపెట్టగలిగే ఆ ఒళ్లు ఎండలో మొదటిసారి ఊరంతా చూసింది.

బాబామియా ఒక ముద్ద తీశాడు. పళ్లెం లేవలేదు. రెండోది తీశాడు. లేచీ లేవనట్టుంది. ఆయన ముద్దలు మార్చాడు. ఐదు కిలో ముద్దలు, ఒక అర్ధ, ఒక పావు. పళ్లేలు ఊగి ఊగి నిలబడ్డాయి.

"ఆరుకు పావు తక్కువ," అన్నాడు. ఈసారి గట్టిగా అనలేదు.

తీసిన బెల్లం, రెండుంబావు కిలోలు, బుచ్చవ్వ కొంగులో పోశాడు. ఆమె ఆ ముద్దలను చూస్తూ అడిగింది.

"గివి ఎవ్వలయి?"

"అవి నీ చేతియి అవ్వా," అన్నది నౌషీన్. "అవి బుడ్డోని ఒంటి మీద ఉండాల్సినయి."

బుచ్చవ్వ కొంగు ముడి వేసుకుంది. బరువు చూసుకున్నట్టు ఒకసారి పైకెత్తి దించింది. నౌషీన్ పిల్లవాడిని పళ్లెంలోంచి ఎత్తుకుంది. ఇక తిడుతుందో, ఏడుస్తుందో, పిల్లవాడిని గుంజుకొని పోతుందో తెలియదు.

"ఇంత తక్కువ బంగారంతోని తల్లి ముందటికి ఏం మొఖం వెట్టుకొని పోవాలె?" అన్నది బుచ్చవ్వ తనలో తాను. తర్వాత తల ఎత్తింది. "బాబన్నా, నీ ఆటో నడుస్తదా?"

"నడుస్తది అక్కా. రోడ్డే నడుస్తలేదు."

"నువ్వు నడుపు. రోడ్డు సంగతి నేను చూస్త."

చౌరస్తా మధ్యలో బండరాళ్లు, టైర్లు, వంటకట్టెలు. ఒక పక్క పెద్ద గంజులో పప్పు ఉడుకుతోంది, రోడ్డు మీదే వండుకొని రోడ్డు మీదే తింటున్నారు. రెండు వైపులా లారీలు. ఆటో ముందుకు రాగానే పది మంది అడ్డం వచ్చారు.

"వాపస్! వాపస్! ఎవ్వల బండైనా ఇడిసేది లేదు!" అని అందరికంటే గట్టిగా అరుస్తూ వచ్చినవాడు దేవేందర్. ఆటో వెనక బెల్లం ముద్దల మధ్య కూర్చున్న తల్లిని చూసి అరుపు నోట్లోనే ఆగిపోయింది.

"అవ్వా? ఎటు?"

"దవాఖానకు."

దేవేందర్ తల్లినీ, సౌందర్యనూ, నౌషీన్‌నూ, తల్లి ఒడిలో తువ్వాల చుట్టిన పిల్లవాడినీ మార్చి మార్చి చూశాడు. నమ్మకం కుదరలేదు. "నువ్వా?"

"నేనే. తియ్యిరా రాళ్లు."

వెనక నుంచి ఎవరో ఎకసెక్కంగా అన్నారు. "ఓ లీడర్ సాబ్! నీ ఇంటి బండైతే ఇడుస్తవా? మా బండ్లు పొద్దుగాల్నుంచి ఎండుతున్నయి!"

దేవేందర్ మొఖం కందిపోయింది. బుచ్చవ్వ ఆటో మీద నిలబడింది. తువ్వాల విప్పి పిల్లవాడిని రెండు చేతులతో పైకెత్తింది, జాతరలో తల్లికి చూపించినట్టు. లారీ డ్రైవర్లు, పప్పు కలిపేవాళ్లు, జెండాలు పట్టినవాళ్లు అందరూ చూశారు.

"గిది నా ఇంటి బండి గాదు! దవాఖాన బండి!" అని అరిచింది. "ఇంకా ఎవ్వలైనా పిల్లలతోని ఆగిన్రా వెనుక? రాండ్రి ముందటికి! రాష్ట్రం తెస్తరట, తేండ్రి! దాంట్లె ఉండేటందుకు పోరగాండ్లు వద్దా? మా బుడ్డోడు ఆరు కిలోలు లేడు, వాడు పది గావాలె. మీ రాష్ట్రం వచ్చేదాంక ఆగుతదా వాని కడుపు?"

ఎకసెక్కం చేసినవాడే ముందుకు వచ్చి మొదటి బండరాయి దొర్లించాడు. డప్పు అందుకుంది. టైర్లు పక్కకు జరిగాయి. వెనక లారీల మధ్య నుంచి ఒక గర్భిణిని ఎక్కించుకున్న జీపు, జ్వరమొచ్చిన పిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒక తాత మోపెడ్ బయటికి వచ్చాయి. మూడు బండ్లు వరుసగా చౌరస్తా దాటుతుంటే జనం జాతర బండ్లకు పలికినట్టు జేజేలు పలికారు. దేవేందర్ ఆటో వెంట కొంతదూరం పరుగెత్తి, ఎగిరి వెనక ఎక్కాడు. నౌషీన్ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. బాబామియా హారన్ మీద చెయ్యి తీయకుండా మానుకోట దాకా నడిపాడు.

దవాఖానలో నర్సు కాగితం తీసి, "పేరు?" అన్నది.

దేవేందర్ తల్లి మొఖం చూశాడు. గద్దె ముందట పెట్టాల్సిన పేరు.

"రాయి బిడ్డా," అన్నది బుచ్చవ్వ. "సమ్మయ్య. తల్లి ఏమనుకోదు. ఈడికి తోలింది ఆమెనే."

అక్కడి తూకం ముల్లు కూడా ఆరుకు పావు తక్కువ దగ్గరే నిలబడింది.

మంగళవారం సాయంత్రం ఊళ్లో ట్రాక్టర్ బయలుదేరుతోంది. ఆలస్యంగా వచ్చిన ఐదారు ఇండ్లవాళ్లు అంగన్‌వాడీ వాకిట్లో మొక్కులు తూపించుకుంటున్నారు, ఆదివారం ఒత్తినవాళ్లు కూడా పిల్లలను మళ్లీ ఎక్కిస్తున్నారు. బుచ్చవ్వ దవాఖాన నుంచి ఒక్కతే వచ్చింది. సౌందర్య, దేవేందర్ పిల్లవాడి దగ్గర ఉన్నారు.

"ఎట్లున్నడు అవ్వా?" నౌషీన్ ఎదురుపోయింది.

"గ్లాసుల నీళ్లు, చెంచతోని పాలు. పొద్దున్నుంచి మూడుసార్లు తాగిండు, కక్కలే. రాత్రి కండ్లు తెరిచి నా ముక్కు గుంజిండు. ఇంకా పదిహేనొద్దులు ఉండాలన్నడు డాక్టర్." చెప్తూనే ఆమె ఆరుకు పావు తక్కువ బెల్లం మూటను ట్రాక్టర్ వాళ్లకు అందించింది. "గిది సమ్మయ్యది. తల్లికి చెప్పుండ్రి. మల్ల జాతరకు వాడే వచ్చి, దీనికి రెండింతలు దెస్తడు."

కొంగు ముడిలోని రెండుంబావు మాత్రం ఇవ్వలేదు. "గిది పల్లీలతోని దంచి కోడలికి పెడ్త. పాలు యాడికెళ్లి రావాలె మరి? దాని కడుపు నేనే మాడవెడ్తిని."

అప్పుడు ఆమె కన్ను తరాజు మీద పడింది. ఒక ముసలమ్మ మనవరాలిని ఎక్కించి, గొలుసు వెనక నుంచి బొటనవేలు జారుస్తోంది. బుచ్చవ్వ రెండంగల్లో పోయి ఆ చేతి మీద ఫెడీమని ఒక్కటి వేసింది.

"తియ్యవే చెయ్యి! తల్లికి దొంగతూకం పెడ్తవా?"

"ఓసి నీ! నిన్నటిదాంక నువ్వు..."

"నిన్నటి ముచ్చట నిన్న. తియ్యి!"

వాకిలంతా నవ్వింది. చివరి పిల్ల దిగేదాకా బుచ్చవ్వ తరాజు పక్కనే చేతులు కట్టుకొని పోలీసులా నిలబడింది. నౌషీన్ ఉన్నది ఉన్నట్టు రాసుకుంటూ పోయింది. ఆకుపచ్చలో కొన్ని చుక్కలు, పసుపులో చాలా, ఎరుపులో మూడు. ఎరుపు చుక్కల ఇండ్లు ఏవో ఇప్పుడు ఆమెకు తెలుసు. రేపటి నుంచి ఎక్కడికి నడవాలో తెలుసు.

ట్రాక్టర్ పోయాక బుచ్చవ్వ వచ్చి పీట పక్కన నేల మీద కూర్చుంది.

"గీ పుస్తకంల మా సమ్మయ్య యాడున్నడు?"

నౌషీన్ పేజీ తిప్పి చూపించింది. బుచ్చవ్వ ఆ నలిగిన గోరున్న బొటనవేలును తెచ్చి మనవడి పేరు మీద పెట్టింది. వేలిముద్ర వేసే అలవాటుతో ఒత్తబోయి, ఆపుకుంది. ఒత్తకుండా, అక్షరం చెరిగిపోతుందేమో అన్నట్టు, మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు జరిపింది.

"గిదెట్ల రాస్తరు బిడ్డా?" అని అడిగింది. "ఒకపారి నాకు చూపియ్యి."

ఇది రాసిన బుచ్చవ్వను నేనే, డెబ్బై ఒకటి నిండినయి. ఇప్పుడు మానుకోటలో, అంగడి వీధి వెనక, కొడుకు దేవేందర్, కోడలు సౌందర్య దగ్గర ఉంటున్నాను. సమ్మయ్య పదో తరగతి, ఎత్తుకుందామంటే నా వశం కాదు.